పొరుగువాడికా, పొరుగువానికా?

విజయనగరం: 'స్వంత లాభం కొంత మానుకు' తర్వాత పాదం పొరుగువాడికా, పొరుగువానికా? మొన్న గుళ్ళో పాస్టరుగారు 'నీతి జనములు ఘనతకెక్కుటకు కారణము' మీద ప్రసంగం చేశారు. దేశానికి నీతి విశ్వాసం వల్లే వస్తుందని చెబుతూ గురజాడను 'వానికి' అని చదివారు. అప్పట్నుంచీ అదే చెవిలో గింగురుమంటోంది.

బొబ్బిలి మేష్టారు: వానికి. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక చూసుకోండి, మూడూ నాలుగూ మాత్రలు.

ఆమదాలవలస: నడకతో తేలదు మేష్టారూ. వాడికి అన్నా నాలుగు మాత్రలే, వానికి అన్నా నాలుగే. గిడుగువారి పక్కన నిలబడి వాడుకభాష కోసం పోరాడినాయన 'వానికి' అంటాడా?

బొబ్బిలి మేష్టారు: అదే గేయంలో 'మెలగవలెనోయ్' అన్నాడు కదా. అది ఏ వీధిలో వాడుక?

సాలూరు: విభక్తి దగ్గరే ఆగిపోయారు. అసలు ఆ పొరుగువాడు ఎక్కణ్ణించి వచ్చాడు? బైబిల్లోంచి: 'నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను.' లండన్ మిషను వాళ్ళు 1805లో విశాఖలో దిగారు. గురజాడ నాటికి ఈ మాట ఈ వైపు బాగా పాతదే. మా ఊరి కుష్ఠు ఆసుపత్రి పేరు ఫిలడెల్ఫియా, అంటే సోదరప్రేమ. వేళ్ళు అరిగిపోయిన చేతికి కట్టు మార్చే నర్సమ్మ నీదే మతమని అడగదు. దేశం నీతి అంటే నాకదే. దాన్ని ఇక్కడ నిలబెట్టింది ఆ విశ్వాసమే.

ఆమదాలవలస: సేవకి దణ్ణం పెడతాను. కానీ ఇరుగుపొరుగు మిషనరీలు తెచ్చిందా అండీ? నీతినంతా ఒక్క మతానికి రాసిచ్చేస్తే 'మతం వేరైతేను యేమోయ్' ఏమైపోవాలి?

సాలూరు: రాసిచ్చెయ్యమనలేదు. లూకా పదో అధ్యాయం చూడండి. 'నా పొరుగువాడెవడు' అని అడిగినవాడికి యేసు చూపించింది సమరయుణ్ణి. యూదులు వెలివేసి చూసే మనిషిని. గురజాడ పాదానికి అంతకంటే దగ్గరి చుట్టం ఉందా?

పాలకొండ: క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారిని ఒక్కరూ తలవరేం? 1803లో పుట్టాడు, గురజాడకి దాదాపు అరవయ్యేళ్ళ ముందు. 'త్రాహిమాం క్రీస్తునాథ' అని మా నాయనమ్మ పొయ్యి దగ్గర పాడుతుంటే సంస్కృతమని తెలిసేది కాదు, అంత ఇంటిమాటలా ఉండేది. క్రీస్తుని తెలుగు గొంతులో పెట్టినవాడాయన. ముందు ఆయన గురించి మాట్లాడండి.

బొబ్బిలి మేష్టారు: 'నాథ'లో చివరి అచ్చు సాగదీసి పాడతారు, అది సంబోధన. రాసేటప్పుడు దీర్ఘం ఉండాలా వద్దా?

విజయనగరం: చౌదరిగారు సరే. ఇంతకీ వాడికా, వానికా?

ఆమదాలవలస: వాడికి.

పాలకొండ: మా బళ్ళో 'వానికి' అనే చెప్పారు.