మిషనరీ పాత్రలో గే నటుడు: చాడ్ అలెన్‌పై వచ్చిన ఆక్షేపణ న్యాయమేనా?

నాటకప్రియ (ప్రశ్న):
అందరికీ వందనాలు. 1956 జనవరి 8న ఈక్వడార్ అడవుల్లో వావొరానీ తెగవారి ఈటెలకు బలైన ఐదుగురు అమెరికన్ మిషనరీల గురించి సంఘాల్లో ప్రసంగాలు విన్నవారు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ కథతో 2006లో వచ్చిన 'ఎండ్ ఆఫ్ ద స్పియర్' చిత్రంలో, హతులైన పైలట్ నేట్ సెయింట్‌గాను, పెద్దయిన ఆయన కుమారుడు స్టీవ్‌గాను నటించినది చాడ్ అలెన్. ఆయన బహిరంగంగా గే అని చెప్పుకొన్న నటుడు కావడంతో అమెరికాలో కొందరు పాస్టర్లు ఆ చిత్రాన్నే తప్పుపట్టారని చదివాను. దేవుణ్ణి నమ్మే నటుడు తన సంగతి దాచుకోనంత మాత్రాన భక్తుల పాత్రలకు తగకుండా పోతాడా? మా సంఘంలో క్రిస్మస్ నాటకానికి పాత్రలు నిర్ణయించేది నేనే కాబట్టి అడుగుతున్నాను.

సంఘపెద్ద:
వివాహం విషయంలో నేను సంప్రదాయ బోధనే నమ్ముతాను, ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. సాక్ష్యంగా తీసిన చిత్రంలో నటుడి జీవితం కూడా సాక్ష్యంలో భాగమేనని ఆ పాస్టర్లు భావించారు. అయినా ఆయన గే అని తెలిశాక కూడా నిర్మాతలు ఇచ్చిన మాటకు కట్టుబడటం సరైన పనే. తండ్రిని చంపినవారిలో ఒకడైన మింకాయేను స్టీవ్ సెయింట్ కుటుంబం తాతగా స్వీకరించింది. అంతటి క్షమాపణను చూపే చిత్రానికి ఒక నటుణ్ణి క్షమించడం భారమా?

దూరతీరం:
అయ్యా, మీ మంచి మనసును గౌరవిస్తూనే, ఆ పోలిక మాలాంటివారిని గాయపరుస్తుందని చెప్పక తప్పదు. మింకాయే చేసినది హత్య. అలెన్ క్షమాపణ వేడుకోవలసిన పని ఏదీ చేయలేదు. కేథలిక్ కుటుంబంలో పెరిగిన ఆయన తన విషయం మొదట తానుగా ప్రకటించలేదు కూడా. 1996లో, ఇరవైల ఆరంభంలో ఉండగా, ఆయన మరొక పురుషుణ్ణి ముద్దాడుతున్న ఫొటోలను ఒక టాబ్లాయిడ్ పత్రిక అచ్చువేసింది. ఆ తరువాత ఆయన దాక్కోలేదు, తనలాంటివారి హక్కుల కోసం బాహాటంగా మాట్లాడాడు. 2015లో నటన వదిలి మనస్తత్వ శాస్త్రం వైపు వెళ్ళాడు.

విశ్వాసం ఇలాంటి నటుల పనికి అడ్డు కాదనడానికి అమెరికన్ నటుడు బిల్లీ పోర్టర్‌నూ చూడండి. పిట్స్‌బర్గ్‌లో పెంతెకొస్తు సంఘంలో పెరిగిన ఆయన, 'పోజ్' అనే డ్రామా సిరీస్‌లో ఉత్తమ నటుడిగా 2019లో ఎమ్మీ టీవీ పురస్కారం గెలిచిన తొలి బహిరంగ గే నల్లజాతీయుడు. ఆ సిరీస్‌లో ఆయన పాత్ర తన చిన్ననాటి చర్చికి తిరిగి వెళ్ళే భాగాన్ని, సంఘగీతాల మధ్య పెరిగినవాడు కనుకనే అంత నిండుగా నటించగలిగాడని నా నమ్మకం.

నాటకప్రియ గారూ, మీ నాటకంలో ఎవరికి ఏ పాత్ర ఇచ్చినా, అతను స్వయంగా చెప్పుకోనిదే అతని సంగతిని కమిటీ ముందు చర్చకు పెట్టకండి. అలెన్‌కు ఆ టాబ్లాయిడ్ చేసిన అన్యాయం అదే.