హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలంటున్నారు, నిజంగా ఇంత ఖర్చవుతుందా?

రెడీ_వెలగట్లేదు: పొద్దున్నుంచీ దీనిమీదే ఉన్నాను, తల పగిలిపోతోంది. డ్యాష్‌బోర్డులో ఎర్ర త్రికోణం వెలిగింది. షెడ్డుకి తీసుకెళ్తే ఇలా చూసి అలా "బ్యాటరీ పోయింది, మొత్తం మార్చాలి" అనేశారు. వాళ్లు చెప్పిన డబ్బు, బండి ఇప్పుడు అమ్మితే వచ్చేదాంట్లో సగం పైనే. ఇంటర్నెట్‌లో వెతికితే ఒక అంకెకీ ఇంకో అంకెకీ నాలుగు రెట్లు తేడా. అసలు ఎంతవుతుందో ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పండి.

పాత_మల్టీమీటర్: ఏ బండి? ఏ సంవత్సరం? కోడ్ ఎంత?

రెడీ_వెలగట్లేదు: సెడాన్ అండీ, తెల్లది. కోడ్ అంటే?

పెట్రోలే_మేలు: బండి కొన్నప్పుడు పెట్రోలు మిగులుతుందని అందరూ సంబరపడేవాళ్లే. ఆ మిగిలిందాన్ని నెలనెలా ఒక డబ్బాలో వేసుంటే ఈరోజు ఈ టెన్షన్ ఉండేది కాదు. రెండు ఇంజిన్లున్న బండికి రెండు రోగాలు. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నా.

పాత_మల్టీమీటర్: ఇంజిన్ ఒకటే. రెండోది మోటార్.

దుమ్ము_దులుపు: బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఫ్యాన్ చూశారా? చాలా హైబ్రిడ్లలో వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది. లోపలి చల్లగాలిని అక్కడినుంచే లాగి బ్యాటరీని చల్లబరుస్తారు. జనం దానికి ఆనించి బ్యాగులు పెడతారు, దుప్పట్లు కప్పుతారు. కుక్కని ఎక్కించుకునేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నేనొకసారి విప్పితే ఫ్యాన్ రెక్కల సందుల్లో బొచ్చూ దుమ్మూ కలిసి దిండులో దూదిలా గట్టిపడి ఉంది. వేడికే సగం బ్యాటరీలు చస్తాయి. కొత్తది వేసినా ఫ్యాన్ శుభ్రం చేయకపోతే దానికీ అదే గతి.

రెడీ_వెలగట్లేదు: మా బావమరిది బండిలో లోపాల కోడ్ చదివే స్కానర్ తెచ్చాడు. పీ0ఏ80 అని వచ్చింది. బండి 2009ది. స్టిక్కర్ మీద నికెల్ మెటల్ హైడ్రైడ్ అని ఉంది. ఇప్పుడైనా ఖర్చు చెప్పండి గురూ.

పాత_మల్టీమీటర్: ఆ కోడ్‌కి అర్థం బ్యాటరీలోని భాగాల, అంటే బ్లాకుల, మధ్య వోల్టేజీ తేడా ఎక్కువైందని. ఒక్కో బ్లాక్ వోల్టేజీ చూపిస్తుందా స్కానర్?

సెల్_కాదు_మాడ్యూల్: నాలుగు రెట్ల తేడా ఎందుకంటే అందరూ వేర్వేరు వస్తువుల్ని "బ్యాటరీ" అనేస్తున్నారు. టొయోటా హైబ్రిడ్ కారు, రెండో తరం ప్రియస్ లెక్క చూడండి. ఒక మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్స్ 6, అంటే 7.2 వోల్టులు. అలాంటివి రెండు కలిస్తే ఒక బ్లాక్, 28 వరసగా కలిపితే 201.6 వోల్టుల ప్యాక్. ఒక్క మాడ్యూల్ మారిస్తే చవక, కానీ మిగతా 27 కూడా అదే వయసువి. ఇవాళ ఇది, ఆర్నెల్లకి ఇంకోటి. రీకండిషన్డ్ మధ్యరకం. మొత్తం కొత్తదైతే మీకు చెప్పిన రేటే.

రిపేరే_ముద్దు: మాడ్యూల్ మార్చి అమ్మేది రీకండిషన్డ్ కాదు, రీబిల్ట్. పాతవాటినే ఛార్జ్ చేసి, డిశ్చార్జ్ చేసి సమం చేస్తేనే రీకండిషన్డ్.

సెల్_కాదు_మాడ్యూల్: అమ్మేవాడు ఆ తేడా పాటిస్తాడా? చేతికొచ్చిన స్టిక్కర్ అంటిస్తాడు. పేరు వదిలేసి వారంటీ ఎన్ని నెలలో అడగమనండి.

రిపేరే_ముద్దు: పేరు వదిలేస్తే ఇక చర్చెందుకు?

దుమ్ము_దులుపు: ఫ్యాన్ చూశారా?

రెడీ_వెలగట్లేదు: అన్ని బ్లాకులూ 15.6 అటూఇటూ ఉన్నాయి. ఆరోది 14.4. మాడ్యూల్ నేనే మార్చుకోవచ్చా? వీడియోలో పావుగంటలో చేసేశాడు.

సెల్_కాదు_మాడ్యూల్: వీడియోలో కోసేసింది కూడా చూడాలి. 200 వోల్టుల డీసీ అది. బ్యాటరీ కనెక్షన్ తెంచే నారింజ రంగు ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ దిగడానికి పది నిమిషాలు ఆగాలి. 1000 వోల్టులకి పనికొచ్చే రబ్బరు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అలవాటున్నవాళ్ల చేత చేయించండి. షెడ్డువాళ్లని రెండు అడగండి: చెప్పిన రేటులో లేబర్ కలిసిందా, పాత ప్యాక్ తిరిగిస్తే ఎంత తగ్గిస్తారు. కొన్నిచోట్ల పాతదానికి బాగానే లెక్కకడతారు.

పెట్రోలే_మేలు: అదే పెట్రోలు బండైతే ప్లగ్గు పీకితే ప్లగ్గే.

పాత_మల్టీమీటర్: 15.6కీ 14.4కీ తేడా 1.2. ఒక సెల్ పూర్తిగా పోయింది.

*(నాలుగు రోజుల తర్వాత)*

రెడీ_వెలగట్లేదు: ఫ్యాన్ తీశాం. నిజంగానే బొచ్చు, మా టామీది. కడిగి, కోడ్ చెరిపేసి నడుపుతున్నా, త్రికోణం మళ్లీ రాలేదు. ఖర్చు సున్నా. అందరికీ థాంక్స్.

దుమ్ము_దులుపు: చెప్పానా!

పాత_మల్టీమీటర్: ఆరో బ్లాక్ ఇప్పుడెంత?

రిపేరే_ముద్దు: ఇంతకీ రీకండిషన్డ్ అంటే నేను చెప్పిందే కరెక్ట్.

పాత_మల్టీమీటర్: ఆరో బ్లాక్?