కింద పడ్డ లాప్‌టాప్, టక్ టక్ అంటున్న హార్డ్ డిస్క్: డేటా బయటికి తీసినవాళ్ళున్నారా?

వానచినుకు: లాప్‌టాప్ మంచం మీంచి జారిపడింది. అప్పట్నుంచి బూట్ అవ్వట్లేదు. చెవి ఆనించి వింటే టక్, టక్, టక్... కాసేపు ఆగి మళ్ళీ అదే. 1 టీబీ డిస్క్. మా నాన్నగారి చివరి రెండేళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. ఇంట్లో ఏమైనా చెయ్యొచ్చా? ఊడదీసి వేరే సిస్టమ్‌కి తగిలించొచ్చా? డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంది, అది అడ్డమా?

నల్లపూస: ఏం చేసినా చేయండి, విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ మాత్రం నడపొద్దు. అది డేటాని కాపాడదు, ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తానంటూ అదే డిస్క్ మీద రాస్తుంది. నా పీజీ ప్రాజెక్టు అలాగే పోయింది. చివరికి మిగిలింది ఫౌండ్.000 అనే ఫోల్డరూ, అందులో పేరూ ఊరూ లేని సీహెచ్‌కే ఫైళ్ళ ముక్కలూ. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

పాతకాపు: గాలి చొరకుండా కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. నా 40 జీబీ డిస్క్ పొద్దున్నే ఇరవై నిమిషాలు తిరిగింది, కావలసినవన్నీ లాగేశా.

సెక్టార్‌సున్నా: దయచేసి ఆ పని చేయకండి. పన్నెండేళ్ళుగా ఇదే నా పని, ఫ్రీజర్లోంచి వచ్చిన డిస్కులు ఎన్ని విప్పానో లెక్కలేదు. డేటా ఉండే తిరిగే పళ్ళేనికీ (ప్లాటర్), దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. చల్లటి డిస్క్ బయటికి తీయగానే లోపల తేమ పడితే, ఆ హెడ్ నీటి చుక్కల మీద పరిగెత్తాలి.

పాతకాపు: అంటే నేను అబద్ధం చెప్పానా? నా కళ్ళముందు తిరిగిన డిస్క్ అది!

సెక్టార్‌సున్నా: అబద్ధమని ఎవరన్నారు సార్? ఆ కాలం డిస్కుల్లో చాలావాటికి హెడ్లు ప్లాటర్ మీదే ఆగేవి, అప్పుడప్పుడు అతుక్కుపోయేవి. చల్లబడితే కొన్ని విడిపోయి ఉండొచ్చు. ఇప్పటి లాప్‌టాప్ డిస్కుల్లో హెడ్లు పక్కనున్న ర్యాంప్ ఎక్కి ఆగుతాయి. జబ్బే వేరైనప్పుడు పాత మందు ఎలా పనిచేస్తుంది?

పాతకాపు: పన్నెండేళ్ళు మీకైతే, నాకు ఇరవై. పనిచేసింది అన్నాను, అంతే.

గడియారంముల్లు: ఫ్రీజర్ గొడవ ఆపండన్నా. నా డిస్క్‌కి చప్పుడు లేదు, బ్యాడ్ సెక్టార్లే, అంటే చదవడానికి రాని చోట్లే. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇంకో డిస్క్ మీదికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీశా. తేలిగ్గా వచ్చేది ముందు లాగేస్తుంది, మొండికేసే చోట్లని చివర్లో ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇవ్వడం మర్చిపోవద్దు, మధ్యలో ఆగినా అక్కణ్ణుంచే మొదలెడుతుంది. మూడు రోజులు పట్టింది, 500 జీబీలో 38 ఎంబీ తప్ప అంతా వచ్చింది. ఆ రోజు నిజంగా ఎగిరి గంతేశా.

మట్టివాసన: అదే మోడల్ డిస్క్ కొని కింది సర్క్యూట్ బోర్డు మార్చేస్తే సరిపోదా?

సెక్టార్‌సున్నా: సరిపోదు. ఆ బోర్డు మీది చిన్న ఆర్‌ఓఎమ్ చిప్‌లో — కరెంటు పోయినా చెరగని మెమరీ — ఆ ఒక్క డిస్క్‌కి సరిపడే సర్దుబాట్లు ఉంటాయి. దాన్ని కూడా ఊడదీసి కొత్త బోర్డు మీదికి మార్చాలి. అయినా ఇక్కడ చెడింది బోర్డు కాదు, టక్ టక్ అంటే ముందు హెడ్లనే అనుమానించాలి.

కొత్తచిగురు: అందుకే తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ వేసుకోమనేది. ఈ బాధే ఉండదు.

నల్లపూస: ఎస్ఎస్‌డీలో ఒక ఫోల్డర్ డిలీట్ చేసి చూడు తమ్ముడూ. డిలీటైన చోటు ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ నడిచాక ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. పోతే చప్పుడు కూడా చేయకుండా పోతుంది.

వానచినుకు: బిట్‌లాకర్ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

గడియారంముల్లు: అయ్యో, నిజమే. లాక్ ఉన్నా ఇమేజ్ తీయడానికి అడ్డు కాదు, సెక్టార్లు ఉన్నవున్నట్టు కాపీ అవుతాయి. తర్వాత ఆ కాపీని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి.

వానచినుకు: కీ దొరికింది, కాగితం మీద రాసిపెట్టుకున్నా. కానీ నిన్నటి నుంచి ఆరుసార్లు ఆన్ చేశాను, తప్పు చేశానా?

సెక్టార్‌సున్నా: ఇక ఏడోసారి వద్దమ్మా. వేరే సిస్టమ్‌కీ తగిలించొద్దు, మూత విప్పొద్దు. దుమ్ము చొరని క్లీన్‌రూమ్ ఉండి హెడ్లు మార్చగలిగే ల్యాబ్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పడ్డ సంగతీ, ఆరుసార్లు ఆన్ చేసిన సంగతీ దాచకుండా చెప్పండి. ఏం వచ్చిందో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటా.