సమస్య: రాయి చల్లిన పాస్తాకు రాణ హెచ్చె

నిర్వాహకుడు: రాత్రి సిసిలీ వంట వీడియో ఒకటి చూశాను. పర్మెజాను లాంటి చీజు కొనలేని ఇళ్లలో పుట్టిన 'ముద్దికా అత్తుర్రాతా' అట, అంటే పాస్తా మీద చల్లే వేయించిన రొట్టె పొడి. చూస్తుండగానే ఈ చివరి పాదం తట్టింది (రాణ అంటే శోభ). రాయి మాట పొసిగేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి, కానివ్వండి.

గోదారిగట్టు:
ఎండిపోయిన రొట్టెను దండిగాను
తురిమి యాలివు నూనెలో దోరవేచి
ఉప్పు వెల్లుల్లి వాముతో నొప్పు మీర
రాయి చల్లిన పాస్తాకు రాణ హెచ్చె

చారుకేశి: వంట బాగుంది, పూరణే లేదు. రాయి ఎక్కడ గురువుగారూ? మూడు పాదాల్లోనూ వెతికాను. పైగా సిసిలీలో వామా! ఓరెగానో ఆకు కదా వేసేది. 'వేచి' అంటే కాచుక్కూచుని అని కూడా. మొన్న నేనూ చేశాను, అక్కడ కూచునే పనే లేదు. రంగు తిరిగాక అర నిమిషం ఆలస్యమైతే మాడు. స్టవ్ ఆపినా మూకుడు వేడికే నల్లబడుతుంది, వెంటనే పళ్లెంలో పొయ్యాలి.

గోదారిగట్టు: ఓరెగానోను ఆ గణంలో, ఆ అక్షరాల కొలతలో, మీరే ఇరికించి చూపండి. ఆవకాయ సమస్యలో జాడీని, రెండో అక్షరం దీర్ఘమైనా, సూర్యగణం చేసిన చెయ్యి కదా!

చారుకేశి: అది టైపింగ్ పొరపాటని అప్పుడే చెప్పాను. 'జాడి' అని చదువుకోండి.

పప్పుచారు:
పర్మెజాను కొనగ లేని పేదవాడు
రొట్టె పెచ్చులు దాచెను పెట్టె లోన
రాను రానవి రాళ్లయ్యె, రవ్వ చేసి
రాయి చల్లిన పాస్తాకు రాణ హెచ్చె

నిర్వాహకుడు: రాయి రవ్వయింది, భేష్. కానీ మొదటి పాదంలో ప-పే యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ జత) ఎలా కుదిరిందండీ? 'పేదవాడు' బదులు 'బక్క రైతు' అంటే సరిపోయేది. ఇంకో మాట, పెట్టెలో దాస్తే రాయి కాకముందే బూజు పడుతుంది. గాలికి ఆరాలి.

అత్తిలమ్మాయి:
జోసెఫయ్యకు మార్చిలో జేసె విందు
రంపపుం బొట్టువలె నుండ రాలు తురుము
పిలువకయె వచ్చి బల్లపై బేద యొక ప
రాయి చల్లిన పాస్తాకు రాణ హెచ్చె

(మార్చి 19న ఏసు పెంపుడు తండ్రి జోసెఫ్ పండుగ. ఆయన వడ్రంగి కదా, ఆ రోజు పాస్తా మీద ఈ రొట్టె పొడి రంపపు పొట్టుకు గుర్తు.)

నిర్వాహకుడు: ప-రాయి! ఈ విరుపు కోసమే రాత్రి నుంచి కూచున్నాను.

చారుకేశి: విరుపు సరే. ఆ విందులో పేదలకు విందు చేసేవాళ్లే వడ్డిస్తారు, పేదవాడి చేత చల్లించడమేమిటి?

అత్తిలమ్మాయి: అందుకేగా 'పిలువకయె' అన్నాను! పిలిచినవాళ్లు బుద్ధిగా కూచుంటారు. ఇతను ఆకలి మీదున్నాడు, గిన్నె ముందుంది. పైగా ముందే చల్లి పెడితే మెత్తబడిపోతుంది, తినబోయే ముందు చల్లుకోవాల్సిందే.

గోదారిగట్టు: మొదటి పాదం సవరించాను: 'ఎండి రాయైన రొట్టెను దండిగాను'. చారుకేశి గారూ, రాయి దొరికిందా?

చారుకేశి: దొరికింది. వాము ఇంకా అడ్డొస్తోంది.

గోదారిగట్టు: మీ జాడీలో వేసుకోండి.