బహిర్ముఖత్వం స్కేలుకు ఆల్ఫా పడిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ పిల్లలకు 44 ప్రశ్నల బిగ్ ఫైవ్ ప్రశ్నావళి (వ్యక్తిత్వంలోని ఐదు పెద్ద లక్షణాలను కొలిచేది) తెలుగులో ఇచ్చినాము. అందులో బహిర్ముఖత్వానికి, అంటే నలుగురితో కలిసిపోయే గుణానికి, ఆల్ఫా (ఒక స్కేలులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే అంకె) 0.5 కూడా దాటలేదు. యాడ తప్పు పోయింటాది సార్?

జవాబు 1: ముందు ఉల్టా ప్రశ్నలు, అంటే 'అవును' అంటే ఆ గుణం తక్కువని అర్థమొచ్చేవి, చూడన్నా. ఆ స్కేలులో 8 ప్రశ్నలుంటే 3 ఉల్టావే, 'తక్కువగా మాట్లాడతాను' లాంటివి. 1–5 మార్కుల్లో వాటిని 6లోంచి తీసేయాల: 5 వేసింటే 1. ఇది మరిస్తే ఆల్ఫా మైనస్‌కూ పోతాది.

జవాబు 2: సారు ముందర నిలబడితే పిల్లలు అన్నిటికీ 'అవును' కొట్టేస్తారు. 'గలగలా మాట్లాడతాను', 'తక్కువగా మాట్లాడతాను' రెండింటికీ 5 వేసిన కాగితాలు ఏరండి. పేర్లు రాయించొద్దు.

ప్రశ్నవేసినవారు: ఆల్ఫా 0.7 దాటితే చాలునా?

జవాబు 2: చాలదు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే అది చెప్తాది. లక్షణమంటే నిలకడ గదా. కొన్ని వారాలాగి వాళ్లకే మళ్లీ ఇవ్వండి, రెండుసార్ల కాగితాలనూ రహస్య నంబరుతో జతచేయండి. స్నేహితులతోనూ వాళ్ల గురించి నింపించి పోల్చండి.