ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. హాలు ఇరుకుగా, చీకటిగా కనిపిస్తోంది. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మూలగది (ప్రశ్న)

హాలు 12×14 అడుగులు, ఎత్తు 10. ఒక పక్క గోడకు 4×5 కిటికీ, ఎదురుగా 7×3 గుమ్మం. గోడలు ముదురు ఆకుపచ్చ. సామాను: 3+1+1 సోఫా సెట్టు, గాజు తలుపుల బీరువా, మధ్యలో చిన్న తివాచీ, దాని మీద టీపాయ్. దీపాలు: తెల్లటి ట్యూబ్‌లైటు ఒకటి, గోడకు పసుపు బల్బులు రెండు.

లోపాలు రెండున్నాయి. పైన పైపు కారి సీలింగ్‌కు పళ్లెమంత గోధుమ రంగు మరక పడింది. పైపు బాగుచేయించి చాలా రోజులైంది, మరక మాత్రం పోలేదు. రెండోది, కిటికీ కింద గోడకు అడుగు ఎత్తు వరకూ రంగు పొంగి పొలుసుల్లా లేస్తోంది. దానిమీద వాల్‌పేపర్ అంటించి, కొత్త కర్టెన్లు వేసి, గోడకు నాలుగైదు పటాలు పెడదామనుకుంటున్నాం. ఇల్లు చూపించడానికి మూడు వారాలుంది. ఈ వరుస సరైనదేనా?

లప్పంపని

వరుస తిరగబడిందండి. కర్టెన్లూ పటాలూ ఆఖరున. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు పటాన్ని చూసి ముచ్చటపడతారేమో గానీ, పొంగిన గోడను చూస్తే "ఇంకెక్కడెక్కడ చెమ్మ ఉందో" అని ప్రతి మూలా వెతకడం మొదలుపెడతారు. అక్కణ్నుంచి మీరు ఎంత సర్దినా వాళ్ల కళ్లకు ఆనదు. కాబట్టి ముందు గోడ.

మీరు చెప్పిన రెండు లోపాలూ ఒకటి కావు. మందూ ఒకటి కాదు.

సీలింగ్ మరక సులువు. కారడం ఆగింది, స్లాబు ఆరింది. మిగిలింది నీళ్లు మోసుకొచ్చి వదిలిపెట్టిన రంగు మాత్రమే. దానిమీద మామూలు ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) ఎన్ని కోట్లు వేసినా అదే మరక మళ్లీ పైకి తేలుతుంది. ఎందుకంటే ఎమల్షన్‌లో ఉన్న నీళ్లు ఆ మరకను కరిగించి పైపొరలోకి లాక్కుంటాయి. నీళ్లు లేని ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కావాలి: మరకల్ని అడ్డుకునే రకం, ఆయిల్ బేస్ గానీ షెల్లాక్ (లక్క) బేస్ గానీ. మరక అంచు దాటి చుట్టూ నాలుగైదు అంగుళాలు వచ్చేలా ఒక కోటు వెయ్యండి. ఆరాక ఇంకా లీలగా కనిపిస్తే రెండోది. ఆ పైన సీలింగ్ రంగు మాత్రం గోడ నుంచి గోడ దాకా మొత్తం వెయ్యాలి. ఆ ముక్క వరకే వేస్తే పగటి వెలుతురులో అతుకు వేసినట్టు మెరుస్తుంది.

కిటికీ కింద గోడ అలా కాదు. చెమ్మ ఇప్పటికీ వస్తోందా అన్నది ముందు తేలాలి. పొలుసులు గీకేసి, అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గాలి చొరబడకుండా అంటించండి. 48 గంటల తర్వాత చూడండి. కవరు లోపలి వైపు, అంటే గోడకు ఆనుకున్న వైపు, నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. పైవైపు ఉంటే గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతున్నట్టు. రెండు వైపులా పొడిగా ఉంటే పాత గాయమే, లప్పం పెట్టి రంగు వేసుకోవచ్చు.

పొలుసుల కింద తెల్లటి పిండిలా కనిపిస్తే అది ఉప్పు. తడిగుడ్డతో తుడవకండి. తడికి ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని ఊడ్చి బయట పారెయ్యాలి.

వాల్‌పేపర్ మాత్రం ఆ గోడకు వద్దు. చెమ్మకు బంక పట్టు వదిలేస్తుంది, వెనక బూజు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తెలిసిన లోపాన్ని కాగితం వెనక దాచి ఇల్లు అమ్మడం తప్పు.

రంగు లెక్క: చుట్టుకొలత 52 అడుగులు, ఎత్తు 10, మొత్తం 520 చదరపు అడుగులు. గుమ్మం 21, కిటికీ 20 తీసేస్తే 479, అంటే దాదాపు 44.5 చదరపు మీటర్లు. రెండు కోట్లకు 89. నున్నటి గోడ మీద లీటరుకు 10 చదరపు మీటర్లు వేసుకుంటే గోడలకు 9 లీటర్లు. సీలింగ్ 15.6 చదరపు మీటర్లు, రెండు కోట్లకు 3 లీటర్ల పైచిలుకు. గోడల రంగంతా ఒకేసారి తెచ్చి, పెద్ద బకెట్‌లో కలిపేసుకోండి. ఒకే నంబరు రంగైనా డబ్బాకూ డబ్బాకూ వాసి తేడా ఉంటుంది, సరిగ్గా గోడ మధ్యలో అది బయటపడుతుంది.

లప్పం మందంగా ఒకే దెబ్బకు పూయకూడదు. ఒక మిల్లీమీటరు చొప్పున రెండుసార్లు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి. 180 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, 220తో నునుపు చెయ్యండి. చీకటి పడ్డాక టార్చిలైటును గోడకు ఆనించినట్టు పక్కనుంచి వెయ్యండి. పగలు కనిపించని గుంటలూ గీతలూ నీడలై బయటపడతాయి. పెన్సిల్‌తో చుట్టి పెట్టుకుని మర్నాడు సరిచెయ్యండి. రుద్దిన పిండిని తుడవకుండా ప్రైమర్ వేస్తే అది గోడను పట్టదు, పిండిని పట్టుకుంటుంది. తర్వాత మాస్కింగ్ టేపు తీసేటప్పుడు రంగు పొరలు పొరలుగా దానితో లేచొస్తుంది.

గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు లేని రంగు వాడండి. మెరిసే రంగు ప్రతి గుంటనూ చూపిస్తుంది.

వెలుగునీడ

పై జవాబుతో ఏకీభవిస్తూనే రంగు ఎంపిక గురించి ఒక మాట. చీకటి గది అనగానే చాలామంది తళతళలాడే తెలుపు వేసేస్తారు. వెలుతురు పుష్కలంగా ఉన్న గదిలో అది బాగుంటుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో మూలలకు చేరేసరికి ఆ తెలుపు బూడిద రంగుకు తిరిగి, గది ఇంకా దిగులుగా కనిపిస్తుంది. కాస్త వెచ్చదనం ఉన్న మీగడ రంగో, లేత ఇసుక రంగో మేలు. రంగుల పట్టీ వెనక ఎల్‌.ఆర్‌.వి. అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు వెలుతురును ఎంత తిప్పికొడుతుందో 0 నుంచి 100 వరకూ చెప్పే కొలత అది. మీ హాలుకు 65, 75 మధ్యలో చూసుకోండి. సీలింగ్ తెలుపే ఉంచండి.

నమూనా రంగును గోడ మీద పూసి చూడకండి. చుట్టూ ఉన్న పాత ఆకుపచ్చ మీ కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల తెల్ల అట్టకు రెండు కోట్లు వేసి, ఒకసారి కిటికీ పక్కన, ఒకసారి ఎదురు మూలలో పెట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద చూడండి.

ఇక దీపాలు. తెల్ల ట్యూబు, పసుపు బల్బులు ఒకే గదిలో కలిస్తే గోడ ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుప్పచ్చగా కనిపిస్తుంది, కొత్త రంగు ఏదో తేలదు. అన్నీ 3000 కెల్విన్‌కు, అంటే వెచ్చటి తెలుపు వెలుగుకు, మార్చండి. డబ్బా మీద సి.ఆర్‌.ఐ. (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకు పైన ఉండాలి. అది తక్కువైతే చెక్క రంగు, బట్టల రంగు పాలిపోతాయి. వెలుగు ఎంత కావాలంటే, 16 చదరపు మీటర్ల గదికి 200 లక్స్ (చదరపు మీటరుకు పడే వెలుగు) చొప్పున 3200 ల్యూమెన్లు (బల్బులు ఇచ్చే మొత్తం వెలుగు). కొంత గోడలూ షేడ్లూ మింగేస్తాయి కాబట్టి 4000 పెట్టుకోండి. తొమ్మిది పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కోటి 800 నుంచి 1000 ఇస్తుంది. అంటే నాలుగైదు. అవన్నీ సీలింగ్ మధ్యలోనే గుమిగూడకూడదు. చీకటి మూలలో ఒక నిలువు దీపం, సోఫా పక్కన ఒక బల్ల దీపం ఉంటే గది అంచులు కనిపిస్తాయి. అంచులు కనిపిస్తేనే గది పెద్దదనిపిస్తుంది.

సామానులో తీసెయ్యాల్సింది: గాజు బీరువా, రెండు ఒంటి కుర్చీల్లో ఒకటి. నడిచే దారి 75 సెంటీమీటర్లకు తగ్గకూడదు, గుమ్మం నుంచి కిటికీ దాకా 90 ఉంటే మంచిది. సోఫాకూ టీపాయ్‌కీ మధ్య 40–45. సోఫాను గోడకు అదిమి పెట్టకండి, నాలుగు అంగుళాలు ముందుకు జరపండి. వెనక ఆ సన్నటి నీడ ఉంటే గోడ దూరంగా ఉన్నట్టు తోస్తుంది.

చిన్న తివాచీ తీసెయ్యండి. టీపాయ్ కింద మాత్రమే పట్టే తివాచీ గదిని ముక్కలు చేస్తుంది. పెద్దది దొరికితే సోఫా ముందు కాళ్లు దాని మీదికి రావాలి, సోఫాకు రెండు పక్కలా అరడుగు చొప్పున బయటికి కనిపించాలి. దొరక్కపోతే అసలు వెయ్యకండి, ఖాళీ నేలే నయం.

కర్టెన్ రాడ్డును కిటికీ చట్రానికి సరిగ్గా బిగించడం మామూలు పొరపాటు. తెర పక్కకు లాగినా అద్దంలో సగం మూసేస్తుంది. చట్రానికి ఆరంగుళాల పైన, రెండు పక్కలా ఎనిమిది నుంచి పదంగుళాలు బయటికి పెడితే తెర మొత్తం గోడ మీదికి వెళ్లిపోతుంది, కిటికీ అంతా వెలుతురుకే మిగులుతుంది. గుడ్డ వెడల్పు రాడ్డు పొడవుకు రెట్టింపు. అంచు నేలకు ఒక సెంటీమీటరు పైన ఆగాలి. కిటికీ అడుగు దగ్గరే ఆగిపోయే తెర గది ఎత్తును కోసేస్తుంది.

పటాలు నాలుగైదు వద్దు. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులుండే ఒక్కటి చాలు, సోఫా వీపుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైన.

మూలగది

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. పాలిథిన్ పరీక్ష చేశాం. లోపలి వైపు, గోడకు ఆనిన చోట, బొట్లు కట్టాయి. ఇప్పుడేం చెయ్యాలి? ఇంకొకటి, పనులయ్యాక పది రోజులు ఇల్లు తాళం వేసి ఉంటుంది. తలుపు తియ్యగానే వాసన వస్తుందేమోనని భయంగా ఉంది. రూమ్ ఫ్రెష్‌నర్ పెట్టమంటారా?

లప్పంపని

అయితే ఆ గోడకు మూడు వారాలు చాలవండి. ముందు బయటి వైపు చూడండి. కిటికీ అడుగు పలక బయటికి వాలుగా ఉందా, లోపలికా? పలక గోడ దాటి ముందుకు వచ్చి, కింద అంచున నీళ్లు బొట్లుగా రాలే గాడి ఉందా? అది లేకపోతే వాననీళ్లు పలక అడుగునే పాకి గోడలోకి దిగుతాయి. చట్రానికీ గోడకూ మధ్య సందు, గోడ పక్కన నేల మట్టం ఎక్కువగా ఉండి తడి పైకి ఎగబాకడం, గోడలో నల్లా పైపు: ఈ మూడూ తర్వాత వెతకాలి. మూలం మూశాక, తట్టితే బోలుగా మోగే ప్లాస్టరంతా గట్టి భాగం తగిలేదాకా కొట్టేసి కొత్తది పెట్టాలి. సిమెంటు ప్లాస్టర్ మీద రంగుకు నాలుగు వారాలు ఆగాలి. పచ్చిగా ఉన్నప్పుడు అందులోని క్షారం రంగును తినేస్తుంది.

చూపించే తేదీ జరపగలిగితే జరపండి. వీలుకాకపోతే మూలాన్ని బాగుచేయించి, ప్లాస్టర్ పెట్టి, ఆ అడుగు పట్టీని రంగు లేకుండా వదిలెయ్యండి. ఏం పని జరిగిందో, ఎప్పుడు జరిగిందో వచ్చినవాళ్లకు చెప్పండి, బిల్లు చూపించండి. కారణం తెలిసిన పచ్చి ప్లాస్టర్ ఎవర్నీ భయపెట్టదు.

తూముజాలీ

వాసన సంగతి నేను చెప్తాను. ఫ్రెష్‌నర్ వద్దు. ఘాటైన సువాసన తగలగానే "ఏం దాస్తున్నారు" అన్న అనుమానమే ముందు వస్తుంది.

తాళం వేసిన ఇంట్లో కంపు చాలాసార్లు బాత్రూమ్ జాలీ నుంచే వస్తుంది. జాలీ కింద ట్రాప్‌లో (నీళ్లు నిలిచే వంపులో) ఉండే నీళ్లే మురుగు గాలికి అడ్డు. వాడకం లేకపోతే ఆ నీళ్లు ఆవిరై దారి తెరుచుకుంటుంది. తాళం వేసే రోజు ప్రతి జాలీలో, సింకులో, వాష్‌బేసిన్‌లో లీటరు, లీటరున్నర నీళ్లు పొయ్యండి. జాలీలో పైన రెండు చెంచాల మినరల్ ఆయిల్ వేస్తే నీటి మీద పొర కట్టి ఆవిరిని ఆపుతుంది. వాషింగ్ మెషీన్ గొట్టం పెట్టే జాలీని అందరూ మర్చిపోతారు. చూపించే రోజు గంట ముందే వెళ్లి కిటికీలు తీసి, కమోడ్ ఫ్లష్ ఒకసారి లాగండి.

బేసిన్ చుట్టూ నల్లబడిన సిలికాన్ ఉంటే దాని మీదే కొత్తది పూయకండి. సిలికాన్ మీద సిలికాన్ పట్టదు, నెలలోపు అంచు లేస్తుంది. బ్లేడుతో పాతదంతా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక రెండు వైపులా టేపు వేసి ఒకే లాగులో పూయండి. తడివేలితో ఒక్కసారి నొక్కి, పొర కట్టకముందే టేపు లాగెయ్యాలి. 24 గంటలు నీళ్లు తగలనివ్వద్దు. టైల్స్ సందులు కడిగేటప్పుడు బ్లీచింగ్, యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి వాడాక వెంటనే రెండోది పోయడమూ కలపడమే.

వదులైన తలుపు బందులు కూడా చూసుకోండి. స్క్రూ తిరుగుతూనే ఉండి బిగియకపోతే, రంధ్రంలో జిగురు రాసిన పళ్లపుల్లలు (టూత్‌పిక్‌లు) రెండు మూడు కుక్కి, ఆరాక మట్టంగా కోసి, అదే స్క్రూ బిగిస్తే పట్టు దొరుకుతుంది.

వెలుగునీడ

ఫొటోల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇదొకటి. ఫోన్‌లో అర జూమ్ లెన్సు వాడకండి. గది సాగి పెద్దగా కనిపిస్తుంది, వచ్చి చూసినవాళ్లకు మోసపోయినట్టుంటుంది. మామూలు లెన్సుతో, గుమ్మం పక్క మూలలో నిలబడి, ఫోన్‌ను నాలుగడుగుల ఎత్తున నిటారుగా పట్టుకోండి. కాస్త కిందికి వంచినా గోడల నిలువు గీతలు వాలిపోతాయి. తెరలు పూర్తిగా పక్కకు, ఫ్లాష్ ఆపి, కిటికీలోంచి ఎండ నేరుగా పడని వేళ తియ్యండి. తెరమీద కిటికీని తాకి వెలుగు తగ్గించుకుంటే బయటి దృశ్యం తెల్లగా పేలిపోదు. కిటికీ కింద ఆ ప్లాస్టర్ పట్టీకి అడ్డంగా కుర్చీ పెట్టకండి. అది ఫొటోలో ఉన్నదున్నట్టు కనిపించాలి.