వేరుబుడిపె నులిపురుగు: మొక్కలోనే తట్టుకునే శక్తి పెంచొచ్చా?

ప్రశ్న: పాలీహౌస్ టమాట. మధ్యాహ్నం వాడిపోయి, సాయంత్రానికి తేరుకుంటోంది. పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలు. నులిపురుగును తట్టుకునే రకమే వేశాం. ఇప్పుడు సాలిసిలిక్ ఆమ్లం కొడితే ఆగుతుందా?

జవాబు 1: ఆగదండీ. బుడిపె కనబడిందంటే పురుగు లోపల కుదురుకున్నట్టే. ఇలాంటి మందులు మొక్కను ముందుగా అప్రమత్తం చేయడానికే, పురుగును చంపవు. ఇక రకం సంగతి: టమాటలో ఆ నిరోధం సాధారణంగా ఎంఐ-1 జన్యువుది. నేల వేడి 28 డిగ్రీలు దాటితే అది చేతులెత్తేస్తుంది. గాలి వేడి కాదు, వేరు దగ్గర 10 సెం.మీ. లోతున థర్మామీటర్ గుచ్చి చూడండి. నేల మీద పరిచే నల్ల మల్చింగ్ షీటు ఉంటే, అది నేలను వేడెక్కిస్తుంది కాబట్టి ముందు దాన్నే అనుమానించాలి.

జవాబు 2: వచ్చే పంటకు నారు దశలోనే మొదలెట్టండి. మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10, ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) 2 కిలోలు కలిపి, తడి గోనెపట్టా కప్పి నీడలో 15 రోజులు ఉంచాలి, వారానికోసారి తిరగేయాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు. కారిందా, గాలాడక శిలీంధ్రం పెరగదు. తర్వాత మొదళ్లలో శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందు పోశారంటే చేసిందంతా వృథా!

జవాబు 3: మైకోరైజా (వేరుతో కలిసి బతికే మేలు శిలీంధ్రం) కూడా వేస్తే భాస్వరం తగ్గించండి. అది పుష్కలంగా దొరికితే వేరు మైకోరైజాను దగ్గరికి రానివ్వదు. సాలిసిలిక్ కొట్టాలనుకుంటే నాటకముందే, లీటరుకు 70 మి.గ్రా., అదీ నాలుగైదు మొక్కల మీద చూశాకే. మోతాదు మించితే ఆకు అంచులు మాడి ఎదుగుదల ఆగుతుంది.